పక్షవాతం వచ్చిన నాన్నగారికి చార్జింగ్ టూత్‌బ్రష్ ఏది కొనాలి?

గుణుపురం నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. ఏడాది కిందట పక్షవాతం వచ్చి కుడి చేతికి పట్టు తగ్గింది. తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. పళ్ల డాక్టరు కరెంటు బ్రష్ వాడమన్నారు. చూస్తే తొమ్మిది వందల నుంచి పన్నెండు వేల దాకా ఉన్నాయి. మీ బావగారు దుబాయ్ నుంచి తెస్తానంటున్నారు. అమ్మగారేమో వేపపుల్ల ఉండగా ఈ దండగ ఎందుకంటున్నారు.

నేను పర్లాకిమిడిలో మోటార్లు చుట్టే షాపు నడుపుతాను. పళ్ల డాక్టరును కాను. కానీ మా ఇంట్లో ఈ బ్రష్‌లు వచ్చి దాదాపు పదేళ్లయింది. ఒకదాని చార్జర్ కాల్చాను, ఒకదాన్ని విప్పి చూశాను, ఒకదాన్ని మా అమ్మ చేత వాడించాను. మూడింటిలో చివరిదే కష్టం.

ముందుగా, పిడిని చూసి కొనకండి, హెడ్‌ను, అంటే కొసన పోగులతో ఉండి ఊడదీసి మార్చుకునే ముక్కను చూసి కొనండి. హెడ్ మూడు నెలలకోసారి మార్చాలి. పోగులు పక్కకు వాలిపోతే ఇంకా ముందే మార్చాలి. పిడి నాలుగైదేళ్లు వస్తుందనుకుంటే, అది పనిచేసినన్నాళ్లలో మీరు పదహారు నుంచి ఇరవై హెడ్‌లు కొంటారు. కిందటిసారి నాకు ఒక్కో హెడ్ మూడు వందల పైన పడింది. అంటే ఏడాదికి పన్నెండు వందల పైనే. నలభై రూపాయల మామూలు బ్రష్‌ను ఏడాదిలో నాలుగుసార్లు మార్చినా నూట అరవై. ఈ లెక్క అమ్మగారికి ముందే చెప్పేయండి. తర్వాత తెలిస్తే ఇంకా గొడవ.

మన ఊళ్లలో మందుల షాపులో అడిగితే మామూలు బ్రష్ చూపిస్తారు తప్ప ఈ హెడ్‌లు ఉండవు. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా ఎవరైనా శ్రీకాకుళమో బరంపురమో వెళ్లినప్పుడు చెప్పాలి. మా పక్క వీధిలో ఒకాయన ఎనిమిది వందలకు ఒక బ్రష్ కొన్నారు. పెట్టెలో మూడు హెడ్‌లు వచ్చాయి. తొమ్మిది నెలలు రాజాలా తోముకున్నారు. ఆ తర్వాత వెతికితే ఆ హెడ్‌లు లేవు, ఆ కంపెనీ కూడా లేదు. పిడి మాత్రం ఇప్పటికీ జుయ్యిమంటోంది, తొడగడానికే ఏమీ లేదు. అందుకే పేరున్న రకమే తీసుకోండి, కొనే రోజే నాలుగు హెడ్‌లు అదనంగా తెప్పించుకోండి. ఓరల్-బీ గుండ్రటి హెడ్‌లు ఆ కంపెనీ పిడుల్లో చాలావాటికి సరిపోతాయి గానీ ఐఓ అనే రకానికి సరిపోవు, దానివి వేరు. ఇలాంటి మెలికలు ఉంటాయి, చూసుకోండి.

రకాలు ప్రధానంగా రెండు. చిన్న గుండ్రటి హెడ్ అటూ ఇటూ తిప్పుకునేది ఒకటి. మామూలు బ్రష్‌లా పొడవైన హెడ్ అతి వేగంగా కంపించే సోనిక్ రకం రెండోది. నిమిషానికి ముప్పై ఒక్క వేల సార్లు అని ఫిలిప్స్ సోనికేర్ వాళ్లు చెప్పుకుంటారు. రెండూ మంచివే. నాన్నగారికైతే నేను గుండ్రటిదే తీసుకుంటాను. హెడ్ చిన్నది కాబట్టి నోరు ఎక్కువగా తెరవలేకపోయినా లోపలి పళ్ల దాకా వెళుతుంది. మీరో అమ్మగారో తోమాల్సి వచ్చినా ఒక్కో పంటి మీద పెట్టడం తేలిక.

ఫోనుకు కలిపే యాప్, అయిదారు రకాల వేగాలు, పిడి మీద వెలిగే తెర, వీటికి డబ్బు పెట్టకండి. కావలసినవి నాలుగే. రెండు నిమిషాలకు ఆగే టైమర్, ముప్పై సెకన్లకోసారి చిన్న కుదుపుతో పక్క మార్చమని చెప్పే ఏర్పాటు, గట్టిగా నొక్కితే హెచ్చరించే సెన్సర్, లావుగా జారకుండా ఉండే పిడి. బటన్ ఒక్కటే ఉంటే మరీ మంచిది. వీటి కోసం అన్నిటికన్నా ఖరీదైనదే కొనక్కర్లేదు. మరీ చవక వాటిలో సెన్సర్ ఉండకపోవచ్చు. అప్పుడు చెవి పెట్టాలి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు మా అమ్మ కథ. ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. వేళ్ల కీళ్లు వంగిపోయి సన్నటి బ్రష్ చేతిలో నిలవదు. దానికి తోడు నలభై ఏళ్ల గుడాఖు అలవాటు. మన వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియని వారి కోసం చెబుతున్నాను, పొగాకు పొడిని మొలాసిస్‌తో కలిపి చేసిన నల్లటి ముద్ద అది. పళ్లు తోముకుంటున్నామనే పేరుతో వేలితో చిగుళ్లకు రుద్దుకుంటారు. మొదటి రోజు బ్రష్ చేతిలో పెట్టి, బటన్ చూపించి, నేను పెరట్లోకి వెళ్లాను. లోపలి నుంచి కేక వినబడింది. పరుగెత్తి వెళ్లి చూస్తే, ఆవిడ పేస్టుకు బదులు హెడ్ మీద గుడాఖు పెట్టుకుని, నోట్లో పెట్టుకోకముందే బటన్ నొక్కింది. సంక్రాంతికి సున్నం వేసిన గోడ మీద నడుమెత్తు నుంచి పైదాకా గోధుమరంగు చుక్కలు. అద్దం మీద, ఆవిడ కళ్లజోడు మీద, బల్లి మీద కూడా. "ఇది పళ్లు తోముతుందా, కల్లాపి చల్లుతుందా?" అంది.

కాబట్టి వరస ఇది. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత. హెడ్‌ను ముందు పంటికి ఆనించి, పెదవులు కాస్త మూసి, అప్పుడు బటన్. తీసేటప్పుడు ముందు ఆపి, తర్వాత బయటికి. అయ్యాక ఉమ్మేస్తే చాలు, వెంటనే చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే పేస్టులోని ఫ్లోరైడ్ అంతా పోతుంది. గుడాఖు మానకుండా ఏ బ్రష్ పెట్టినా చిగుళ్లు బాగుపడవని అమ్మకు డాక్టరు గట్టిగానే చెప్పారు. మానేశానని ఇప్పుడు అంటుంది. కొంగు ముడిలో డబ్బా ఉన్న సంగతి నాకు తెలుసు.

ఇక చెవి సంగతి. మా షాపులో మోటారు బాగైందో లేదో మీటరు కంటే ముందు చెవితో చూస్తాను. లోడు ఎక్కువైతే మోత బరువెక్కుతుంది. ఈ బ్రష్ పిడిలో ఉన్నదీ మోటారే కదా. పంటికి ఆనీ ఆననట్టు ఉంచితే సన్నగా, ఒకే శ్రుతిలో మోగుతుంది. నొక్కితే గొంతు బొంగురుపోతుంది. ఆ బొంగురు వినిపించిందంటే పోగులు వంగిపోయి పని ఆగిందన్న మాట, పైగా చిగురు ఒరుసుకుపోతుంది. చిన్నప్పుడు బొగ్గుపొడి, ఉప్పు పెట్టి రుద్దిన చేతులు మనవి, కళాయి గిన్నె తోమినట్టు తోముతాయి. నాకు ఆ రుద్దుడు మానడానికి నెల పట్టింది. తోమడం మోటారు పని. మనం దాన్ని ఒక పంటి నుంచి ఇంకో పంటికి మోసుకెళ్లే కూలీలం, అంతే. ఒక్కో పంటి దగ్గర రెండు మూడు సెకన్లు, పోగులు పన్నూ చిగురూ కలిసే గీత వైపు కొద్దిగా వాలి ఉండాలి. బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు. పిడిని పిడికిలితో కాకుండా పెన్ను పట్టినట్టు వేళ్లతో పట్టుకుంటే బలం దానంతట అదే తగ్గుతుంది. నాన్నగారికి అలా కుదరదు కాబట్టి ఎడమ చేత్తో అలవాటు చేయించండి. మామూలు బ్రష్‌ను ఎడమ చేత్తో ఆడించడం కష్టం, దీన్ని ఊరికే పట్టుకుంటే చాలు. డాక్టరు ఇది వాడమన్నది అందుకేనని నా ఊహ.

మరో విషయం. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో స్పర్శ తగ్గితే అన్నం మెతుకులు అక్కడే ఉండిపోతాయి, వాళ్లకు తెలియదు. తోమే ముందు ఆ బుగ్గ లోపల ఒకసారి చూసి తీసేయండి. నిటారుగా కూర్చోబెట్టే తోమండి. మింగేటప్పుడు పొరబోయే ఇబ్బంది ఉంటే పేస్టు ఇంకా తగ్గించి, నురుగు తుడుస్తూ ఉండండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాత్రం కొనేముందు గుండె డాక్టరును అడగాలి. మొదటి వారం రక్తం కాస్త కనిపించినా కంగారు పడకండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే గార పేరుకుపోయి ఉండవచ్చు, అది డాక్టరు స్కేలింగ్ చేస్తే తప్ప పోదు. గట్టిపడిన గారను ఏ బ్రష్షూ ఊడదీయలేదు.

అమ్మగారి వేపపుల్ల మాట కొట్టిపారేయను. నేనూ ఆదివారాలు నములుతాను. కానీ పుల్లను నమలడానికి గట్టి దవడ, తిప్పడానికి మాట వినే చెయ్యి కావాలి, నాన్నగారికి ఇప్పుడు అదే కదా లోటు. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. కాక్రేన్ అనే సంస్థ 2014లో 56 అధ్యయనాలను పరిశీలిస్తే, మూడు నెలలు దాటి వాడినవారిలో మామూలు బ్రష్ కంటే కరెంటు బ్రష్‌తో పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువగా ఉన్నాయట. అద్భుతమేమీ కాదు, అలాగని దండగా కాదు.

చార్జింగ్ గురించి నాకు చెప్పాలని ఉంది, భరించండి. చార్జర్‌లో ఒక కాయిల్, పిడి అడుగున ఇంకో కాయిల్. రెంటి మధ్య రాగి తీగ తగలదు. ట్రాన్స్‌ఫార్మర్‌ను మధ్యకు కోసి సగం స్టాండులో, సగం పిడిలో పెట్టినట్టు. తడి చేతులతో వాడేది కాబట్టి ఈ ఏర్పాటు. ఇంత తెలిసిన నేను చేసిన పని వినండి. మా అన్న కొడుకు అమెరికా నుంచి బ్రష్ తెచ్చాడు. ప్లగ్గు పిన్నులు బల్లపరుపుగా ఉన్నాయి. మన సాకెట్‌కు పట్టే ముక్క ఒకటి తగిలించి స్విచ్ వేసి భోజనానికి కూర్చున్నాను. పప్పన్నం అయి చారులోకి వచ్చేసరికి కాయిల్ వార్నిష్ కాలిన వాసన. ముప్పై ఏళ్లుగా రోజూ పీల్చే వాసన అది, ఎవరింట్లోనో అనుకున్నాను! అడుగున చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో 120 వోల్టులు అని ఉంది. మనది 230. పిన్ను మార్చే ముక్క వోల్టేజీని మార్చదని నేను వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాను. అదృష్టం కొద్దీ పిడి బతికింది, ఇక్కడి చార్జర్ కొని పెడితే చార్జ్ అయింది. మా ఆవిడ ఆ కాలిన స్టాండును షాపులో బల్ల మీద పెట్టించింది, నాకు గుర్తుండాలని.

బ్యాటరీ రెండు రకాలు. చవక వాటిలో తరచుగా నికెల్ మెటల్ హైడ్రైడ్ ఉంటుంది, రాత్రంతా స్టాండు మీద ఉంచాలి. లిథియం అయాన్ ఉన్నవి ఒకసారి చార్జ్ చేస్తే ఎక్కువ రోజులు వస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. మా పాత బ్రష్ ఎనిమిదో రోజు దాకా లాగింది. తర్వాత దాన్నే మోటారు లేకుండా చేత్తో ఆడిస్తూ మామూలు బ్రష్‌లా తోముకున్నాం. ఆ బ్రష్ మూడేళ్లకు చచ్చిపోయింది. విప్పితే హెడ్ తొడిగే ఇనుప కడ్డీ చుట్టూ ఉన్న రబ్బరు అరిగి, నీళ్లు దిగి, బ్యాటరీ చివర తెల్లటి పొడి పట్టి ఉంది. బ్యాటరీని అతికించి మూసేస్తారు కాబట్టి మార్చడం నా వల్లే కాలేదు. అందుకే వాడిన ప్రతిసారీ హెడ్ ఊడదీసి కడిగి, కడ్డీ తుడిచి, విడిగా ఆరబెట్టండి. లేకపోతే అక్కడ నల్లటి జిగురు పేరుకుంటుంది. ఒకసారి చూశారంటే ఆ రోజు అన్నం సహించదు.

దుబాయ్‌ది తెస్తే కాలదు, అక్కడా మన వోల్టేజీయే. కానీ అక్కడి ప్లగ్గు వేరు. కొన్నిటికి షేవర్లకు ఉండే రెండు పిన్నుల ప్లగ్గు వస్తుంది, అది మన సాకెట్‌లో సరిగా కూర్చోదు. వారంటీ కూడా ఇక్కడ చెల్లకపోవచ్చు. ఇక్కడ కొంటేనే సుఖం. అప్పటికే ఆయన కొనేసి ఉంటే, చార్జర్ అడుగున ఉన్న అంకెలనూ ప్లగ్గునూ ఫొటో తీసి పంపమనండి. ఇక్కడ పెట్టండి, సాకెట్‌లో పెట్టేలోపు చూసి చెబుతాను.