టెక్ సందేహాలు: సిగరెట్ మానడానికి ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: సిగరెట్ మాని నాలుగు రోజులైంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నా. మొదటిరోజు గంటగంటకీ గుర్తుచేసింది. ఇప్పుడు నేను తెరిస్తే తప్ప ఉలుకూ పలుకూ లేదు.

జవాబు: బ్యాటరీ ఆదా కోసం ఫోనే దాన్ని నిద్రపుచ్చి ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ఆ యాప్ పేరు నొక్కండి. బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. తర్వాత ‘అలారమ్స్ అండ్ రిమైండర్స్’ అనుమతి ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్ 12తో వచ్చిన ఈ అనుమతి లేకపోతే రిమైండర్ మీరు పెట్టిన నిమిషానికి కాకుండా ఫోన్‌కు తీరికైనప్పుడు మోగవచ్చు. నాలుక పీకడం అన్నది మహా అయితే ఐదు పది నిమిషాల వ్యవహారం. పావుగంట ఆలస్యంగా వచ్చే రిమైండర్ ఉన్నా లేనట్టే.

అన్నట్టు, గంటగంటకీ మోగడం మాత్రం మళ్లీ పెట్టుకోకండి. మరిచిపోయిన సిగరెట్‌ను అదే గుర్తుచేస్తుంది. భోజనం కాగానే, పని మధ్య విరామంలో... ఇలా మీకు అలవాటైన వేళలు రాసుకుని, ఒక్కోదానికి 10 నిమిషాల ముందు పెట్టుకోండి. యాప్‌లో ‘ఇప్పుడే తాగాలనిపిస్తోంది’ లాంటి బటన్ ఉంటే దాని విడ్జెట్‌ను (యాప్ తెరవకుండానే నొక్కే చిన్న గడిని) హోమ్ స్క్రీన్ మీదికి తెచ్చుకోండి. తాగాలన్న కోరిక మొదటి రెండు మూడు రోజులే గట్టిగా ఉంటుంది, అది మీరు దాటేశారు. చిరాకు, నిద్రలేమి తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. అంతవరకు యాప్ తీసేయకండి.

ప్రశ్న: రోజుకు పది సిగరెట్లు తాగినా స్మార్ట్‌వాచ్‌లో ఆక్సిజన్ 98 శాతం చూపిస్తోంది. ఊపిరితిత్తులు బాగున్నట్టేనా?

జవాబు: కాదు. వాచ్ ఎరుపు కాంతిని, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ను చర్మంలోకి పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి లెక్క కడుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు అంటుకున్న హిమోగ్లోబిన్ ఈ లెక్కలో దాదాపు ఆక్సిజన్ అంటుకున్నదానిలాగే కనిపిస్తుంది. వేలికి పెట్టుకునే మామూలు ఆక్సీమీటర్‌కూ ఇదే లోపం. అంటే మీ 98లో కొంత దొంగ లెక్క.

వాచ్‌లో చూడాల్సింది విశ్రాంతిలో ఉన్నప్పటి గుండె వేగం. మానాక అది సాధారణంగా తగ్గుతుంది. రోజువారీ అంకె కాకుండా వారం సగటు చూడండి. అసలు లెక్క కావాలంటే ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే పరికరం వాడాలి. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసేవీ ఉన్నాయి. 15 సెకన్లు ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా పూర్తిగా ఊదాలి. 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో 10 వంతులు) దాటితే పొగతాగినట్టే లెక్క, కొన్నిచోట్ల 6 దాటినా అలాగే అంటారు. నిద్ర లేవగానే ఊదితే తక్కువ చూపిస్తుంది. ఆ వాయువు నాలుగైదు గంటలకోసారి సగానికి పడిపోతుంది మరి. రోజూ సాయంత్రం ఒకే వేళకు ఊదండి.

ప్రశ్న: యాప్ చెప్పిన వేళకు నికోటిన్ గమ్ నములుతున్నా. గొంతు మంట, ఎక్కిళ్లు. పైగా నిద్ర రావట్లేదు.

జవాబు: మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేస్తున్నట్టున్నారు. నికోటిన్ చిగుళ్ల దగ్గర లోపలికి ఇంకాలి. లాలాజలంతో మింగేస్తే మంటే మిగులుతుంది. నెమ్మదిగా నమిలి, నోట్లో చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి ఆపండి. చురుకు తగ్గాక మళ్లీ నమలండి. ఇలా అరగంట. ఫోన్‌లో 30 నిమిషాల టైమర్ చాలు. గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచి కాఫీ, పళ్లరసం వద్దు, పులుపు నికోటిన్‌ను ఇంకనివ్వదు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములది, మిగతావారికి 2 మిల్లీగ్రాములది. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టర్‌నడగాలి.

నిద్ర సంగతి: పొగ వల్ల శరీరం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంది. మానేశాక అదే కప్పు కాఫీ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. కాఫీ సగం చేసి చూడండి.

ప్రశ్న: ఆరోగ్య కార్యకర్తను. సిగరెట్ మానాలనుకుంటున్న నలభైమందికి మెసేజ్‌లు పంపాలి. వాట్సాప్ గ్రూప్ పెట్టమంటారా?

జవాబు: వద్దు. గ్రూప్‌లో ఒకరి నంబర్ అందరికీ కనిపిస్తుంది, తాగే సంగతి ఇంట్లో తెలియనివాళ్లూ ఉంటారు. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడండి, ఎవరికి వారికి విడిగా చేరుతుంది. కాకపోతే మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉండాలి, లేదంటే మెసేజ్ చేరదు. అందుకే మొదటిసారి కలిసినప్పుడే వాళ్ల ఫోన్‌లో మీ ఎదుటే సేవ్ చేయించండి.

నీతివాక్యాలు పంపకండి. ‘నిన్న ఎన్ని తాగారు?’ అని అడిగి, జవాబు ఒక్క అంకెలో ఇమ్మనండి. రెండు రోజులు జవాబు రానివాళ్లకు ఫోన్ చేయండి, సాయం ఎక్కువగా కావాల్సింది వాళ్లకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాలు మెసేజ్‌లు, యాప్‌లు వాడమన్నాయి గానీ కౌన్సెలింగ్‌ను, మందులను పక్కన పెట్టమనలేదు. లెక్కల షీట్‌లో పేర్లకు బదులు కోడ్ నంబర్లు రాసి, ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టండి.

ప్రశ్న: 23 రోజుల తర్వాత ఒకటి తాగాను. యాప్‌లో రోజుల లెక్కను మళ్లీ సున్నా చేయాలా?

జవాబు: అక్కర్లేదు. ఎన్నింటికి, ఎక్కడ, ఎవరితో ఉండగా తాగారో నోట్స్‌లో రాయండి. రేపు ఆ వేళకు 10 నిమిషాల ముందు ఒక రిమైండర్ పెట్టండి.