లండన్ స్కూల్లో పిల్లలకి హలాల్ భోజనం పెడుతున్నారు, కంప్లైంట్ చేయొచ్చా?

చేయొచ్చు, ఎవరాపుతారు? కానీ దేని మీద చేస్తున్నారో ముందు మీరు తేల్చుకోండి. నేను తూర్పు లండన్‌లో ఇల్ఫర్డ్ వైపు ఒక ప్రైమరీ స్కూల్ కిచెన్‌లో పనిచేస్తా, వడ్డించేదీ నేనే, తిట్లు తినేదీ నేనే.

మా దగ్గర చికెన్, లాంబ్ అంతా హలాలే. రోజూ ఒక వెజ్ ఐటమ్, జాకెట్ పొటాటో (తొక్కతోనే కాల్చిన ఆలుగడ్డ) కూడా ఉంటాయి. రెండు రకాల మాంసం వండాలంటే ట్రేలు వేరు, పటకార్లు వేరు, ఇంకో మనిషి కూడా కావాలి, ఆ తలనొప్పి ఎందుకని ముస్లిం పిల్లలు ఎక్కువున్న చోట మొత్తం హలాలే తెప్పించేస్తారు. అందులో నాకేం తప్పు కనిపించదు, ఆ ముక్క మెనూ మీద రాయకపోవడమే తప్పు. 2023 సెప్టెంబర్ నుంచి లండన్ గవర్నమెంట్ ప్రైమరీ స్కూళ్లలో అందరికీ లంచ్ ఫ్రీ అయ్యాక, ఇంటి నుంచి పులిహోర డబ్బా తెచ్చుకునే మన పిల్లలు కూడా లైన్లోకొచ్చారు, అక్కణ్ణుంచి మొదలయ్యాయి ఈ గొడవలు.

పోయినేడు పేరెంట్స్ ఈవెనింగ్ రోజు నేను కౌంటర్ తుడుస్తుంటే ఒకాయన, మన తెలుగాయనే, వచ్చి "ఏమ్మా, మాకు చెప్పకుండా మా పాపకి హలాల్ పెడతారా" అని హాలంతా వినపడేలా నిలదీశాడు. "అన్నా, మొన్న ఆదివారం గ్రీన్ స్ట్రీట్‌లో మటన్ కొట్టు దగ్గర మీ వెనకాలే నిలబడ్డా, అది ఏం మటన్?" అన్నా. "అది వేరమ్మా, అది నేను కావాలని కొన్నా" అన్నాడు. నవ్వొచ్చింది గానీ అందులో పాయింట్ ఉంది, ఇక్కడ ఆయన్ని ఎవరూ అడగలేదు మరి. మా ఊళ్లో దర్గా కాడ కందూరు చేస్తే ముల్లా కోసిన యాటని ఊరంతా తిన్నాం, ఎవడి మతం పోలేదు. లండన్ వచ్చాకే, అదీ వాట్సాప్ గ్రూపుల్లో పడ్డాకే, మనోళ్లకి పట్టింపులు ఎక్కువయ్యాయి.

అదే ఒక సర్దార్జీ అయితే అరవలేదు. హలాల్ మాంసం తినకూడదని సిక్కుల నియమావళి రెహత్ మర్యాదలోనే ఉంది. స్కూల్ ఆఫీసులో పిల్లాడు ఏం తినడో రాసే ఫామ్ నింపి ఇచ్చాడు, ఆ బాబు చేతికి గ్రీన్ బ్యాండ్ కట్టాం, వెజ్ తింటాడు, అంతే.

అసలు మన తల్లిదండ్రులు అడగాల్సింది ఒక్కరూ అడగరు. బర్త్‌డేలకి క్లాసులో పంచే జెల్లీ స్వీట్ల ప్యాకెట్ మీద హలాల్ అని ఉంటే పోర్క్ లేదు కదా అని ఊరుకుంటారు, వెనక్కి తిప్పి చూడండి, చాలావాటిలో ఉండేది బీఫ్ జెలటినే, అంటే ఆవు, ఎద్దుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు! మీ ఇంట్లో బీఫ్ తినకపోతే ఆ సంగతి కూడా ఫామ్‌లో రాయండి. నోటితో టీచర్‌కి చెబితే కిచెన్ దాకా రాదు, ఆఫీసుకి మెయిల్ పెట్టండి, పలక్కపోతే హెడ్ టీచర్‌కి, ఆ తర్వాత స్కూల్ గవర్నర్లకి, అంటే స్కూల్‌ని పర్యవేక్షించే కమిటీకి. ఏం రాయకపోతే మాకొచ్చే లిస్టులో మీ పాప పేరు పక్కన ఖాళీ ఉంటుంది, ఖాళీ ఉంటే ఆ రోజు ట్రేలో ఏముంటే అదే వడ్డిస్తాం.