అడ్మిట్ రాకముందే ఎఫ్‌డీ బ్రేక్ చేస్తారా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు, రుషికొండలో సాఫ్ట్‌వేర్ జాబ్, చేతికి 42 వేలు వస్తాయి. వచ్చే ఫాల్‌కి (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యే సెమిస్టర్) అమెరికాలో ఎంఎస్‌కి వెళ్దామనుకుంటున్నాను. మొత్తం 45 లక్షలు అవుతాయని కన్సల్టెన్సీలో చెప్పారు. మర్రిపాలెంలో మా ఇల్లు తాకట్టు పెట్టి 35 లక్షల లోన్ తీసుకుంటాం. మిగతా 10 లక్షలు ఫండ్స్ చూపించడానికి తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. జీఆర్‌ఈ ఎంట్రన్స్ పరీక్ష కోసం వచ్చే నెల జాబ్ మానేసి, ఉన్న 3 లక్షల ఎఫ్‌డీతో అప్లికేషన్లు, ఇంటి ఖర్చు నడుపుదామని ప్లాన్. నాన్నగారు పోర్టులో చేస్తారు, రెండేళ్లలో రిటైర్మెంట్. లోన్ గవర్నమెంట్ బ్యాంకులో తీసుకోవాలా, ప్రైవేట్ ఫైనాన్స్ కంపెనీలోనా?

జవాబు: మీరడిగినదానికి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఇల్లు పెడుతున్నారు కాబట్టి ముందు గవర్నమెంట్ బ్యాంకుకే వెళ్లండి, నాలుగు సార్లు తిప్పుతారు గానీ వడ్డీ తక్కువ పడుద్ది.

అసలు సమస్య అది కాదు తమ్ముడూ. ద్వారకానగర్‌లో ఏ కన్సల్టెన్సీ మెట్లెక్కినా మీలాంటి వాళ్లు పదిమంది కనిపిస్తారు, అందరూ యూనివర్సిటీ లిస్టు పట్టుకుని ఉంటారు గానీ అడ్మిట్ రాకపోతే, వీసా రిజెక్ట్ అయితే, ఆర్నెల్లు ఇల్లెలా గడుస్తుందంటే ఒక్కరి దగ్గరా లెక్క ఉండదు. మీ ప్లాన్‌లో జీతం ఆగిపోద్ది, ఎఫ్‌డీ కరిగిపోద్ది, ఇల్లు బ్యాంకులో ఉంటది, ఇవన్నీ జరిగాక అప్పుడు వీసా ఇంటర్వ్యూ!

ఆ 3 లక్షలు ముట్టుకోవద్దు. నెలకి మీ ఇంటి ఖర్చు ఎంతో మీరు రాయలేదు, 40 వేలు అనుకుంటే ఆర్నెల్లకి 2 లక్షల 40 వేలు, అంటే ఆ ఎఫ్‌డీయే మీ ఎమర్జెన్సీ ఫండ్, అది అప్లికేషన్ ఫీజు కాదు. అమ్మగారి పేరు కూడా కలిపి జాయింట్‌గా పెట్టండి, మీరు అక్కడుంటే ఇక్కడ ఎవరో ఒకరు తీయగలగాలి కదా. నాకీ చాదస్తం హుద్‌హుద్ తుపానుతో పట్టుకుంది, 2014 అక్టోబర్‌లో కరెంటు లేక ఏటీఎంలు పనిచేయక జేబులో కార్డులు పెట్టుకుని పాలపాకెట్ కోసం తిరిగినోళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పట్నుంచి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఇదే, విసుక్కున్నా సరే.

ఇక ఆ రెండు రూపాయల వడ్డీ. 10 లక్షలకి నెలకి 20 వేలు, మీ జీతంలో సగం, ఏడాదికి లెక్కేస్తే 24 శాతం, అదీ అకౌంట్‌లో ఊరికే కూర్చోబెట్టడానికి! ఈ సలహా ఇచ్చినాయన మీ మంచి కోరేవాడైతే కాదు. ఐ-20కి (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), వీసాకి బ్యాంకు ఇచ్చే లోన్ శాంక్షన్ లెటర్ చెల్లుతుంది. యూనివర్సిటీ ఐ-20లో చూపించేది సాధారణంగా మొదటి ఏడాది ఖర్చు, దానికి మీ 35 లక్షల శాంక్షనే సరిపోవచ్చు, ముందు అది చూసుకోండి. పైగా అద్దె డబ్బుని మాదే అని చెప్పి దొరికితే అమెరికా తలుపు జన్మలో తెరుచుకోకపోవచ్చు. వద్దంటే వద్దు.

35 లక్షల సంగతి కూడా చూడండి. పది శాతం వడ్డీ అనుకుందాం, కోర్సు రెండేళ్లు, ఆ తర్వాత ఇంకో ఆర్నెల్లు మారటోరియం (ఈఎంఐ కట్టక్కర్లేని గడువు), ఈ రెండున్నరేళ్లకి వడ్డీయే 8.75 లక్షలు (విడతలుగా ఇస్తారు కాబట్టి కొంచెం తగ్గుద్ది). వడ్డీ కట్టకుండా వదిలేస్తే పదేళ్లకి ఈఎంఐ దగ్గర దగ్గర 58 వేలు, అప్పటికి నాన్నగారు రిటైరై ఉంటారు. ఓపీటీలో (చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే పర్మిషన్) ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే, కానీ ఈఎంఐ మాత్రం ఉద్యోగం దొరికిందా అని అడగదు. అందుకే అక్కడ మూడు నెలల ఖర్చు విడిగా ఉండాలి, క్యాంపస్ జాబ్‌లో మిగుల్చుకుందాం అనుకోవద్దు, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకి మించి చేయనివ్వరు. రూల్స్ కూడా రాత్రికి రాత్రి మారతాయి, 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌1బీ వర్క్ వీసాలకి లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు నా ఫోన్ మోగుతూనే ఉంది. అక్కడే ఉన్న స్టూడెంట్స్‌ హెచ్‌1బీకి మారితే ఆ ఫీజు వర్తించదని నెల తర్వాత చెప్పారు, ఈలోపు ఎంతమంది తల్లిదండ్రులకి నిద్ర పోయిందో.

జాబ్ మానొద్దు. జీఆర్‌ఈ ఇప్పుడు చాలా యూనివర్సిటీలు అడగట్లేదు, ముందు డిపార్ట్‌మెంట్ పేజీ చూసుకుని అవసరమైతేనే రాయండి, సాయంత్రం రెండు గంటలు చాలు. పది యూనివర్సిటీలు అక్కర్లేదు, ఐదారు చాలు, ఫీజులు ఒక్కోటి వంద డాలర్ల దాకా ఉంటాయి కాబట్టి నెలకి రెండు చొప్పున జీతంలోంచి కట్టండి, చాలాచోట్ల గడువు డిసెంబర్, జనవరిల్లోనే. వీసా 185 డాలర్లు, సెవిస్ (విదేశీ స్టూడెంట్ల రికార్డు కోసం కట్టే ఫీజు) 350, అవి కూడా జీతంలోంచే.

గేట్ రాసి ఐఐటీలో ఎంటెక్ అంటే నెలకి 12,400 స్టైపెండ్ వస్తది, ఆలోచించండి. పీహెచ్‌డీ మీద నిజంగా ఇష్టముంటే అమెరికాలో ఎక్కువగా ఫండింగ్‌తోనే ఇస్తారు. లోన్ మొత్తానికి తగ్గ టర్మ్ పాలసీ (లైఫ్ ఇన్సూరెన్స్) మీ పేరు మీద బయల్దేరేముందే తీసుకోండి.

వీసా స్టాంప్ అయ్యాకే రాజీనామా. ఒకవేళ వచ్చే ఫాల్‌కి కుదరకపోతే అడ్మిట్ డిఫర్ (తర్వాతి సెమిస్టర్‌కి వాయిదా) చేయమని యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి, చాలామంది ఒప్పుకుంటారు. ఈలోపు పీఎఫ్ జోలికి వెళ్లకుండా నెలకి 10 వేలు ఆర్‌డీ వేయండి, ఏడాదికి లక్షా ఇరవై, మీ టికెట్టూ మొదటి నెల అద్దే వచ్చేస్తాయి.