కట్టె పొగ నుండి తీసిన వుడ్ వినెగర్: ఆకులు ఎందుకు మాడాయి?

ప్రశ్న: పెరట్లో ఇనుప పీపాలో బొగ్గు కాల్చినప్పుడు, పొగగొట్టం చివర సీసా పెట్టి, పొగ చల్లబడి కారిన ద్రవాన్ని మొదటి నుండి చివరి వరకు పట్టాను. అది నల్లగా, ఘాటైన తారు వాసనతో ఉంది. వారం తరువాత లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు కలిపి టమాటా మొక్కలపై చల్లితే, రెండు రోజుల్లో ఆకుల అంచులు మాడిపోయాయి. ఎక్కడ పొరపాటు జరిగింది? మిగిలిన ద్రవాన్ని ఏం చేయాలి?

జవాబు: మూడు చోట్ల పొరపాటు జరిగింది: పొగ పట్టిన సమయంలో, నిలవ ఉంచిన కాలంలో, కలిపిన మోతాదులో. వీటిలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యమైనది.

పీపాలో గాలి తగినంత అందకుండా కట్టె వేడెక్కినప్పుడు, మొదట అందులోని తేమ తెల్లని ఆవిరిగా పోతుంది. తరువాత కట్టె విచ్ఛిన్నమవుతూ, కళ్లు మండించే చిక్కని పసుపు తెలుపు పొగ వస్తుంది; వినెగర్‌కు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లం, పొగ వాసననిచ్చే ఫినాల్ జాతి పదార్థాలు ఎక్కువగా ఉండేది ఈ పొగలోనే. చివరకు పొగ పలుచబడి నీలి రంగుకు తిరుగుతుంది. గొట్టం మొదట్లో పొగ వేడి సుమారు 80 నుండి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపే ద్రవాన్ని పట్టాలి. అది దాటితే తారుతో పాటు మనకు, మొక్కలకు హాని చేసే పదార్థాలు పెరుగుతాయి కనుక, పొగ నీలంగా మారడం కనిపించగానే సీసాను తీసివేయాలి. మీరు చివరి వరకు పట్టినందువల్లనే ద్రవం అంత నల్లగా వచ్చింది.

రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, చెదపురుగుల మందు పట్టించిన కలప ఈ పనికి ఏ పరిస్థితిలోనూ వాడరాదు. బాగా ఎండిన శుభ్రమైన కట్టె మాత్రమే కావాలి. ఈ ద్రవం ఇనుమును తినివేస్తుంది. అందువల్ల పొగ చల్లబడే గొట్టం వెదురుదో స్టెయిన్‌లెస్ స్టీలుదో అయి, రెండు మూడు మీటర్ల పొడవుతో ఏటవాలుగా ఉండాలి. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి ఆరుబయట, గాలి ఎటు నుండి వీస్తుందో ఆ వైపు నిలబడి ఈ పని చేయాలి.

పట్టిన ద్రవాన్ని గాజు సీసాలో, చీకటి చోట, కదపకుండా కనీసం మూడు నెలలు ఉంచితే పైన పలుచని నూనె తేలుతుంది, అడుగున తారు దిగుతుంది, నడుమ తేనె రంగు నుండి ఎర్రని గోధుమ రంగు వరకు ఉండే తేట నిలుస్తుంది. సన్నని గొట్టంతో లాగి తీసుకోవలసింది ఆ నడిమి తేటనే. ఎంతో ఓర్పు కావలసిన పని ఇది. వారం రోజుల్లో ఈ పొరలు సరిగా విడవవు.

ఇక మోతాదు. మీరు కలిపినది 50 వంతుల నీటికి ఒక వంతు, అంటే ఆకులపై చల్లడానికి చాలా ఎక్కువ. తేటనైనా 500 వంతుల నీటిలో, అంటే లీటరుకు 2 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, ముందు ఒక మొక్కపై రెండు మూడు ఆకులకే చల్లి, మూడు రోజులు గమనించాలి. ఎండ తగ్గిన సాయంత్రం చల్లడం మేలు. లేత నారుపై అసలు చల్లవద్దు. సున్నం, బూడిద వంటి క్షారాలతో కలిపితే ఆమ్లం విరిగిపోతుంది. దీని పొగ వాసన కొన్ని పురుగులను దూరంగా ఉంచవచ్చు కానీ, పురుగు పట్టిన పైరును కాపాడే మందుగా దీనిని నమ్ముకోవడం మంచిది కాదని నా అభిప్రాయం. నేలలో పలుచగా పోస్తే సూక్ష్మజీవులకు మేలు జరగవచ్చు, చిక్కగా పోస్తే అవే చస్తాయి.

మీ టమాటా మొక్కల చిగుళ్లు పచ్చగా ఉంటే దిగులుపడనవసరం లేదు. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు గాని, కొత్త ఆకులు వస్తాయి. ఎరువు వేయకుండా కొన్నాళ్లు నీరు మాత్రమే ఇవ్వండి.

మిగిలిన ద్రవం నుండి తేట విడిపోయినా, అధిక వేడిలో పట్టినది కనుక కూర మొక్కలకు వాడకండి. నడవదారిలో, పంటకు దూరంగా మొలిచిన కలుపుపై నీరు కలపకుండా చల్లవచ్చు. పైభాగం మాడుతుంది గాని, లోతైన వేరున్నవి తిరిగి చిగురిస్తాయి. అడుగున దిగిన తారును నేలలో పాతే కంచె కర్రల మొదళ్లకు పూస్తే అవి త్వరగా కుళ్లవు. సీసాపై పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. ఇందులో మిథనాల్ అనే విషపూరిత ఆల్కహాల్ కూడా ఉంటుంది కనుక, వంటింటి వినెగర్ అనుకుని ఎవరూ నోట పెట్టుకోకూడదు.