పేరు కొంటున్నావట!

చిన్నా,

సొంతంగా వెబ్‌సైట్ పెడుతున్నావనీ, దానికి చిరునామాగా డొమైన్ పేరు కొంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండె దడదడలాడింది.

పేరు చిన్నదిగా, చెవిన పడగానే రాసుకునేలా ఉండాలి. 63 అక్షరాల దాకా పెట్టుకోనిస్తారు, ఎవడు టైపు చేస్తాడు? అమ్మే కంపెనీకి ఐకాన్ (ICANN, డొమైన్ పేర్ల వ్యవహారం చూసే అంతర్జాతీయ సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూసుకో. మొదటి ఏడాది ధర చూసి సంబరపడకు, రెన్యువల్ ఎంతో చూడు. రిజిస్ట్రేషన్ నీ పేరు మీదే ఉండాలి, సైటు చేసిపెట్టేవాడి పేరు మీద కాదు.

అన్నట్టు, కొనడం అంటున్నావు గానీ అది కౌలురా. డాట్ కామ్ అయితే ఒక్కసారికి 10 ఏళ్లకు మించి ఇవ్వరు. ఈ సంగతి మరిచే నేను మునిగాను.

అనువాదాల పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక డొమైన్ తీసుకున్నాను. కంపెనీ ఖాతాకి ఏ ఈమెయిల్ ఇచ్చాననుకున్నావ్? ఆ డొమైన్ మీద పెట్టుకున్నదే! గొప్పగా ఉంటుందని. ఆటో రెన్యువల్ ఉందిగా అని ధీమా. ఈలోగా బ్యాంకు కార్డు మారింది, కొత్త నంబరు అక్కడ ఇవ్వలేదు. గడువుకి నెల ముందొకటి, వారం ముందొకటి హెచ్చరికలొచ్చాయి. ప్రకటనలనుకుని చెరిపేశాను. గడువు దాటింది. సైటు ఆగింది, దాంతోపాటే మెయిలూ ఆగింది. పాస్‌వర్డ్ గుర్తులేదు. కొత్తది పంపమంటే పంపారు, ఆ చచ్చిన మెయిలుకే! తాళంచెవి లోపలుంచి తలుపు లాగేసుకున్నట్టు.

నేనే నేనని కాగితాలు పంపి రుజువు చేసుకునేసరికి వారాలు గడిచాయి. ఆ డొమైన్‌ని కంపెనీ రద్దు చేశాక కూడా 30 రోజులు విడిపించుకునే వీలుంది, కానీ అదనపు రుసుం కట్టాలి. అది చూసి రోషమొచ్చింది. 'పోనీ, మళ్లీ మామూలు ధరకే తీసుకుంటా' అన్నాను. ఆపైన 5 రోజులకి పేరు బయటికొస్తుంది. వచ్చిన క్షణంలో తన్నుకుపోయే ప్రోగ్రాములు కాచుక్కూర్చుంటాయని నాకేం తెలుసు? పోయింది.

సైటు కోసం ఏడవలేదురా. డొమైన్ ఎవరి చేతిలో ఉంటే, ఆ చిరునామాకి వచ్చే ఉత్తరాలు చదివే వీలు వాళ్లకే. మీ పెదనాన్న పోయినప్పుడు పూర్వం నాతో అనువాదాలు చేయించుకున్న ఒకావిడ పరామర్శిస్తూ రాసిందట. నాకు అందలేదు. ఏం రాసిందో అడగడానికి నోరు రాలేదు.

అందుకే చెబుతున్నా, ఖాతాకి వేరే మెయిల్ ఇవ్వు. మెయిల్ సరిచూసుకోమని లింకు పంపుతారు, 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆపేయొచ్చు. నీకు తెలీకుండా డొమైన్‌ని వేరే కంపెనీకి తరలించకుండా ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి ఉంచు. లాగిన్‌కి పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఓటీపీ కూడా పెట్టుకో. కార్డు మారిన రోజే అక్కడా మార్చు. బద్ధకించావో, చెవి మెలిపెడతాను. ఎంత పెద్దవాడివైనా సరే.

గడువు తేదీ నాకూ పంపు, నా క్యాలెండర్లోనూ చుట్టిపెట్టుకుంటాను. పేరేంటో మాత్రం కొన్నాకే చెప్పు. నా నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా.

నీ పెద్దమ్మ