సర్వీసు వివరాలు తెలియని పాత కారు కొన్నాక ముందుగా ఏమేం మార్పించాలి?

అమ్మినవారి మాట, ఓడోమీటరు అంకె పక్కన పెట్టండి. ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు వెంటనే మార్పించి అక్కడి నుంచి కొత్త లెక్క మొదలుపెట్టండి. చాలా పెట్రోలు కార్లకు ఆపై 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది.

ఎక్కువమంది మరిచిపోయేది బ్రేక్ ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు బాగా వేడెక్కితే ఆ నీరు ఆవిరవుతుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి.

టైమింగ్ బెల్టు (వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా వాటి కదలికను జతపరిచే రబ్బరు పట్టీ) ఉన్న ఇంజిన్ అయితే దాన్ని మార్పించడానికి ఖర్చుకు వెనకాడకండి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

టైరు పక్కభాగంలో నాలుగంకెలూ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారపు తయారీ. అరగకపోయినా రబ్బరు ముసలిదే.