తేనెపెట్టె పెడితే తేనెటీగలను కాపాడినట్టేనా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటున్నాం. తేనెటీగలు అంతరించిపోతున్నాయని చదివి పెరట్లో ఒక తేనెపెట్టె పెడదామనుకుంటే మా అమ్మాయి వద్దంటోంది. దానివల్ల మేలు జరగదని జెర్సీస్ సొసైటీ వాళ్లు చెబుతున్నారట. కీటకాలను కాపాడే సంస్థ అలా ఎందుకంటుంది? అసలు ఎవరు వీళ్లు?

జవాబు: తేనె కోసం పెట్టుకుంటానంటే అది వేరే సంగతండీ, కానీ తేనెటీగలను కాపాడటానికైతే మాత్రం మీ అమ్మాయి మాటే కరెక్టు. పెట్టెల్లో పెంచే తేనెటీగ అమెరికాది కాదు, 17వ శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నది. దానికీ రోగాలున్నాయి, ఏటా చాలా పెట్టెలు పోతూనే ఉంటాయి, కాకపోతే పోయినవాటి బదులు కొత్తవి తయారుచేసుకోవడానికి పెంచేవాళ్లున్నారు. ఉత్తర అమెరికాలో సహజంగా ఉండే తేనెటీగ జాతులు దాదాపు 3,600. వాటిలో చాలావాటికి తుట్టె ఉండదు, రాణి ఉండదు, తేనె కూడబెట్టవు, ఒక్కో ఆడ ఈగ తన గూడు తనే కట్టుకుంటుంది, అదీ ఎక్కువ జాతులు నేలలో బొరియ చేసుకునే. వీటిని పట్టించుకునే యజమాని ఎవరూ లేరు. మీరు ఒక్క పెట్టె పెడితే వేల ఈగలు దిగుతాయి, చుట్టుపక్కల ఈ స్థానిక ఈగలు వాలే పూల మీదే అవీ వాలతాయి, పెట్టెలోని ఈగల రోగాలు ఆ పూల మీదుగానే వీటికీ అంటుకోవచ్చు.

ఇక సంస్థ గురించి. రాబర్ట్ పైల్ అనే సీతాకోకచిలుకల శాస్త్రవేత్త 1971లో మొదలుపెట్టారు, ప్రధాన కార్యాలయం ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్. శాన్‌ఫ్రాన్సిస్కో ఇసుక దిబ్బల మీద జెర్సీస్ బ్లూ అనే సీతాకోకచిలుక ఉండేది, ఊరు పెరిగి దిబ్బలు పోయాక 1940ల మొదట్లో అదీ పోయింది, ఆ పేరే పెట్టుకున్నారు. ఇప్పుడు తేనెటీగలు, మిణుగురులు, మంచినీటి ఆల్చిప్పలు, ఇలా వెన్నెముక లేని ప్రాణులన్నిటి కోసం పనిచేస్తున్నారు. రైతుల పొలం గట్ల మీద పూల మొక్కలు పెట్టిస్తారు, అవసరమైతే ప్రభుత్వానికి పిటిషన్లూ పెడతారు. రస్టీ ప్యాచ్డ్ బంబుల్ బీ అనే స్థానిక తేనెటీగ కోసం వీళ్లు 2013లో పెట్టిన పిటిషన్ వల్లే 2017లో దాన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. అమెరికా ప్రధాన భూభాగంలో ఆ జాబితాకెక్కిన మొదటి తేనెటీగ అదే.

మీ రాష్ట్రంలోనైతే మరీ తమాషా. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల కోసం అక్కడున్న రక్షణ చట్టంలో కీటకాల ఊసే లేదు, కానీ వేరేచోట చేప అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో వెన్నెముక లేని ప్రాణులు కూడా ఉన్నాయి! దాన్ని పట్టుకుని ఈ సంస్థ, ఇంకో రెండు సంస్థలు కలిసి నాలుగు బంబుల్ బీ జాతులకు ఆ రక్షణ ఇమ్మని అడిగాయి. బాదం రైతుల సంఘాలు కోర్టుకెక్కినా 2022లో అప్పీలు కోర్టు వీళ్ల వైపే తీర్పిచ్చింది. తేనెటీగ చేపేమిటని జనం నవ్వుకున్నారు గానీ, పని జరిగింది కదా.

ప్రశ్న: మరి పెరట్లో ఏం చేయాలి? సీతాకోకచిలుకల కోసం మిల్క్‌వీడ్ పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

జవాబు: ముందు కొంచెం నేలను ఖాళీగా వదలండి, ప్లాస్టిక్ షీటూ చెక్కపొట్టూ పరవకుండా. రాలిన ఆకులన్నీ ఊడ్చేయొద్దు, ఎండిన కాడలను మొదలంటా నరకొద్దు, వాటిలోనే చాలా పురుగులు చలికాలం గడుపుతాయి. పెరడు నీట్‌గా లేదని ఇరుగుపొరుగు ఏమైనా అంటే అననివ్వండి. పురుగుమందు కొట్టకండి. మొక్క కొనేటప్పుడు దానికి ముందే మందు వాడారా అని నర్సరీలో గట్టిగా అడగండి, ఎందుకంటే కొన్ని మందులు మొక్క లోపలికి ఇంకి పుప్పొడిలో, మకరందంలో కూడా చేరతాయి.

మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు చుట్టమే, మోనార్క్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు అది తప్ప ఇంకేం తినదు. అయినా మీరుండేది తీరంలో మోనార్క్‌లు చలికాలం విడిది చేసే చోట్లకు 5 మైళ్ల లోపైతే పెట్టొద్దు, ఆ సీజన్‌లో పూచే స్థానిక పూల మొక్కలు పెట్టండి. ఏడాదంతా పచ్చగా ఉండే ట్రాపికల్ రకమైతే ఎక్కడా వద్దు, దాని మీద మోనార్క్‌లకు సోకే ఒక పరాన్నజీవి పేరుకుపోతుంది.

మీ అమ్మాయికి ఆసక్తి ఉంది కాబట్టి ఇంకో మాట. ఆ విడిదుల్లో మోనార్క్‌లను 1997 నుంచి ఏటా వాలంటీర్లు లెక్కపెడుతున్నారు. 2020లో మొత్తం 2,000 కూడా లేవు, మరుసటి ఏడాది దాదాపు రెండున్నర లక్షలు కనిపించాయి. 1980లలో పదుల లక్షల్లో ఉండేవి, కాబట్టి అంత సంబరపడక్కర్లేదు. కొత్తవాళ్లకు లెక్కపెట్టడం ఈ లెక్క నిర్వహించేవాళ్లే నేర్పిస్తారు. చలికి కదలకుండా గుంపుగా వేలాడుతున్నప్పుడే లెక్కతేలుతుంది, కాబట్టి ఇద్దరూ పెందలాడే లేవాల్సి ఉంటుంది మరి.